సగం దించిన షట్టర్

కార్తీక సోమవారం వచ్చిందంటే శృంగవరపుకోట బజారులో కిరాణా కొట్టువాళ్ళకి తల గోక్కునే తీరిక ఉండదు. నువ్వులనూనె, వత్తులు, కొబ్బరికాయలు, బెల్లం, ఏది బయట పెట్టినా అమ్ముడుపోయే రోజు అది. సరిగ్గా ఆ రోజునే నగరేశ్వరరావు తన కూతురు సింధుకి పరీక్ష పెట్టాడు. కూతురంటే ఆయనకి ప్రాణమే. కానీ ఆయన వర్తకుడు కూడాను. బేరాలు లేని రోజున పెట్టే పరీక్ష మీద ఆయనకి నమ్మకం లేదు.

సింధు బెంగుళూరులో కొన్నాళ్ళు కంప్యూటర్ ఉద్యోగం చేసి, దానికి దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేసింది. ఇక్కడే ఉండి చిన్న ఊళ్ళ కొట్లకి పనికొచ్చే ప్రోగ్రాములు తయారుచేస్తానంది. అందుకు కొట్టు మీదున్న గది ఇమ్మంది. ఆ గదిలో చాలా కాలంగా చింతపండు బస్తాలు కాపురముంటున్నాయి. చింతపండు ఏనాడూ తనని నష్టపెట్టలేదనీ, కంప్యూటరు సంగతి తనకి తెలియదనీ నగరేశ్వరరావు నాలుగు రోజులు నానబెట్టాడు. ఐదో రోజున సింధు తల్లి కన్యాకుమారి, భర్తకి అన్నం వడ్డిస్తూ, ఉన్న ఒక్క పిల్లా కళ్ళెదుట ఉంటానంటే కాదనే తండ్రిని ఎక్కడా చూడలేదంది. దాంతో ఆయన ఒక మెట్టు దిగాడు.

"సోమవారం దీపాలెట్టే యేళ దాకా నీ కంప్యూటరు మన కొట్టుని ఏ గొడవా లేకుండా నడిపితే గది తాళం నీ సేతికిస్తాను. గొడవొచ్చిందా, బెంగుళూరు రైలెక్కు. మళ్ళీ మాటాడకూడదు," అన్నాడు.

సింధు సరేనంది. ఆ గది కిటికీలోంచి కొండలు కనిపిస్తాయి. బెంగుళూరులో ఆమె కిటికీలోంచి పక్కవాళ్ళ గోడ కనిపించేది. ఆ గదికోసం తను ఎంత దూరమైనా వెళుతుందని ఆమెకి తెలుసు. ఈ ఊరు దాటి మాత్రం వెళ్ళదు.

ఇంతకీ ఆమె చేసిన పని ఏమిటంటే, కొట్టులో కంప్యూటరుకి తనే ఒక బ్రౌజర్ తయారుచేసింది. బ్రౌజర్ అంటే ఇంటర్నెట్ పేజీలు చూపించేది, అది అందరికీ తెలిసిందే. ఆ పేజీల్లో రాసిన ఆజ్ఞల్ని చదివి నడిపించే యంత్రం ఒకటి దాని కడుపులో ఉంటుంది. ఆ యంత్రానికి పుట్టుకతో తెలిసిన వస్తువులు కొన్ని ఉంటాయి: బొత్తాలు, బొమ్మలు, తేదీలు. కాటా అంటే దానికి తెలియదు, గంట అంటే తెలియదు, షట్టర్ అంటే అసలే తెలియదు. సింధు ఆ యంత్రాన్ని విప్పి, ఈ మూడు వస్తువులనీ దాని సొంత భాషలో తయారుచేసి, మొదటినుంచీ అక్కడే ఉన్నట్టుగా లోపల అమర్చింది. ఇక పేజీలో 'షట్టర్, లే' అని రాస్తే చాలు, హుదూద్ తుపానుకి పాతది ఎగిరిపోయాక మోటారుతో కొత్తగా పెట్టించిన షట్టర్ లేస్తుంది.

నగరేశ్వరరావు ఇదంతా శ్రద్ధగా విన్నాడు. పరాయింటి పిల్లని కోడలిగా తెచ్చుకున్నట్టన్నమాట, అన్నాడు. సింధు అంతేనంది.

"మరి మన ఇంటి పద్ధతులు నేర్పేవా దానికి?"

"నేర్పేను నాన్నా. మనిషి లేని కొట్టు తెరిచి ఉండకూడదన్నది మొదట నేర్పేను."

అది అబద్ధం కాదు. కొట్టు వదిలి వెళ్ళేటప్పుడు ముందు షట్టర్ దించాలి, తరవాతే చెప్పులు తొడగాలి అన్న మాట వింటూ పెరిగిన పిల్ల ఆమె. ఇంకెవరైనా ఆ షట్టర్ వస్తువుని తయారుచేసి ఉంటే ఈ ఆలోచన వచ్చేది కాదు. సింధు మాత్రం, యంత్రం ఎప్పుడైనా ఆ వస్తువుని వదిలేస్తే అది పోతూ పోతూ షట్టర్ దించి మరీ పోవాలని రాసింది. అర్ధరాత్రి కంప్యూటర్ చెడిపోయినా కొట్టు బార్లా తెరుచుకుని ఉండదు కదా అని ఆమె ముందుజాగ్రత్త. ఆ ముందుజాగ్రత్తే కొంప ముంచింది.

కథలో ఇంకో ఇద్దరున్నారు. ఎదుటి కొట్టు రాంబాబుది. అతను కన్యాకుమారికి సొంత తమ్ముడు, అంటే సింధుకి మేనమామ. బావకీ బావమరిదికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. కారణం ఒక నిచ్చెన. వెల్ల వేయించుకోడానికి నగరేశ్వరరావు దాన్ని అడిగి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగి పంపాడు. చూస్తే ఒక మెట్టు విరిగి ఉంది. విరిచి పంపేవని ఒకరు, విరిగిందే ఇచ్చేవని ఇంకొకరు. అంతటితో సరి. అప్పటినుంచి ఈ కొట్టు కబురు ఆ కొట్టుకి మోసే భారం రాంబాబు తల్లి గురమ్మ మీద పడింది. కొడుకు దగ్గరుంటూ, రోజూ రోడ్డు అటూ ఇటూ దాటుతూ, ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేది. దారిలో తన తిట్లు కూడా కొన్ని కలిపేది.

ఆ సోమవారం తెల్లవారుజామునే గురమ్మ భజన జట్టుతో కలిసి శ్రీముఖలింగం బస్సెక్కింది. సెల్‌ఫోను తీసుకెళ్ళింది గానీ ఛార్జింగు మిగులుతుందని ఎప్పటిలాగే ఆపి సంచిలో పెట్టుకుంది.

పొద్దున్న పూజ అయ్యాక సింధు ఒక మీట నొక్కింది. గంట మోగింది, షట్టర్ నిదానంగా పైకి లేచింది. బజారులో జనం నిలబడి చూశారు. అసిరమ్మ అనే రైతు ఇల్లాలు బోణీ చేసింది. ఆమె బెల్లం దిమ్మ నేల మీదున్న పెద్ద కాటా మీద పెట్టగానే తూకం తెర మీద కనిపించింది. నగరేశ్వరరావు మీసం కింద నవ్వు దాచుకుని, సాయంత్రం దాకా చూద్దామన్నాడు. అక్కణ్ణుంచి ఒకటే బేరాలు. కాటా ఊపిరి తీసుకోలేదు.

పది దాటాక జనం కాస్త పలచబడ్డారు. నగరేశ్వరరావు నూనె డబ్బాలు చూసుకోడానికి వెనక గోదాములోకి వెళ్ళాడు. సింధు మంచినీళ్ళు తాగుతూ ఉంది. అప్పుడు షట్టర్, ఎవరూ చెప్పకుండానే, దర్జాగా కిందికి దిగి నేలకి ఆనుకుంది.

సింధు చీకట్లో కంప్యూటర్ మీదికి వంగింది. షట్టర్ అనే వస్తువేదీ పేజీ చేతిలో లేదంటోంది యంత్రం. ఆమె గబగబా కొత్త షట్టర్ వస్తువుని ఒకదాన్ని పుట్టించి, లెమ్మంది. లేచింది. ఎందుకు పడిందో తెలియలేదు. తండ్రి ఇంకా గోదాములోనే ఉన్నాడు, చూడలేదు. చెప్పాలా వద్దా అని ఆమె మనసు కాసేపు ఊగింది. కొండలు కనిపించే కిటికీ కళ్ళముందు మెదిలింది. చెప్పలేదు.

తండ్రి చూడలేదు కానీ, ఎదురుగా రాంబాబు చూశాడు.

ఆ బజారులో ఒక మర్యాద ఉంది. వర్తకుల ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళు తమ షట్టర్ పూర్తిగా దించుతారు. అది చూసిన మిగతా కొట్లవాళ్ళు తమ తమ షట్టర్లు సగానికి దించుతారు. ఎవరు పోయారని అడక్కముందే దించాలి. అడిగి, తెలుసుకుని, ఆలోచించుకుని దించితే అది మర్యాద అనిపించుకోదు. నగరేశ్వరరావు పట్టపగలు కొట్టు మూయడం రాంబాబు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తన అక్క పెళ్ళినాడు కూడా పెళ్ళికొడుకు పొద్దున బేరాలు చూసుకునే వచ్చాడు. అలాంటి బావ షట్టర్ దించాడంటే సంగతి పెద్దదే. మాటల్లేకపోతే లేకపోయాయి, మర్యాద మర్యాదే అనుకుని తన షట్టర్ సగానికి లాగాడు. ఆ హడావిడిలో ఎదుటిది మళ్ళీ లేవడం అతను గమనించలేదు.

నగరేశ్వరరావు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, ఎదుటి కొట్టుకేసి చూసి ఆగిపోయాడు.

"ఎవరో పోయినట్టున్నారే అమ్మడూ. మీ మావ సగం దించీసేడు. మనదీ దించు."

సింధుకి ఈ సంగతికీ ఆ సంగతికీ ముడి కనబడలేదు. షట్టర్‌ని సగానికి దించింది. ఆ రెండూ చూసి బట్టల కొట్టు జగన్నాధం తనది దించాడు. జగన్నాధాన్ని చూసి పక్కవాళ్ళు, పక్కవాళ్ళని చూసి మూల మీదివాళ్ళు. ఒక కాఫీ తాగి కప్పు కింద పెట్టేంతలో బజారంతా సగం సగమైపోయింది. నూనె కొనడానికొచ్చిన ఆడవాళ్ళు నడుం వంచి కొట్లలోకి తొంగి చూడవలసి వచ్చింది.

మర్యాద అయ్యాక అడగడం మొదలైంది. ఎవరిని అడిగినా పక్కవాణ్ణి చూపించారు. పూర్తిగా దించిన కొట్టు ఏదా అని జగన్నాధం బజారు ఈ చివరినుంచి ఆ చివరికి వెతికాడు. అతను ఆ వీధికి పెద్దమనిషి, భారీ మనిషి, ఒక్కచోట కుదురుగా ఉండలేని మనిషి. పూర్తిగా దించిన కొట్టు ఒక్కటీ కనబడలేదు. దాంతో అతను నడిరోడ్డు మీద నిలబడి బుర్రకి పని చెప్పాడు. పోయిన మనిషి ఒక ఇంటికి చెందితే ఆ ఇంటివాళ్ళు పూర్తిగా దించేవారు. మొదట సగం దించినవాళ్ళు ఇద్దరు, అటు రాంబాబు, ఇటు నగరేశ్వరరావు. అంటే పోయిన మనిషి ఇద్దరికీ చెందాలి, చెరి సగం. రెండు కొట్ల మధ్యా తిరుగుతూ ఇద్దరికీ చెరి సగంగా ఉండేది ఒక్క గురమ్మే. జగన్నాధం గురమ్మ ఫోనుకి చేశాడు, ఆపేసి ఉంది. ఆమె ఫోను ఎప్పుడూ ఆపేసే ఉంటుందని ఊరందరికీ తెలుసు. కానీ ఆ రోజు అదే రుజువైపోయింది.

ఈ కబురు ఒకేసారి రెండు కొట్లలోకీ దూరింది. రాంబాబు, తల్లి సంగతి కొడుకునైన తనకంటే ముందు అల్లుడికి తెలిసిందా అని ఒక్క క్షణం బాధపడి, తరవాత ఆ బాధ సంగతి మరిచిపోయి ఏడ్చాడు. నగరేశ్వరరావు గల్లాపెట్టె పక్కన కూలబడ్డాడు. కొడుక్కి కబురొచ్చి ఉంటుందని ఆయన అనుకున్నాడు. వెళ్ళి అడిగితే తెలిసిపోయేది. అడిగి వచ్చే మనిషే పోయిందాయె.

సింధు కూడా నమ్మింది. కొళాయి తిప్పినట్టు కన్నీళ్ళొచ్చాయి. ఇంటికి ఫోను చేసి తల్లికి చెప్పింది. కన్యాకుమారి మాత్రం నమ్మలేదు. "పొద్దున్న నన్ను నాలుగు తిట్టి బస్సెక్కింది. అంత ఓపికున్న మనిషి మజ్జానానికి పోదు. బస్సు రానీ," అని పెట్టేసింది.

కాసేపటికి నగరేశ్వరరావు లేచి, సగం షట్టర్ కిందనుంచి వంగి బయటికి నడిచాడు. అటునుంచి రాంబాబు కూడా వంగి బయటికి వస్తున్నాడు. ఇద్దరూ రోడ్డు మధ్యలో ఒకరికొకరు ఎదురయ్యారు. ఒక ఆటో వాళ్ళకోసం ఆగింది.

"నాకు సెప్పొచ్చు కద బావా," అన్నాడు రాంబాబు.

"ఏ మొకం పెట్టుకుని సెప్పమంటావురా," అన్నాడు నగరేశ్వరరావు. ఆయన మాట్లాడింది నిచ్చెన గురించి. రాంబాబు అడిగింది తల్లి గురించి. అయినా ఇద్దరికీ సరిపోయింది. కావలించుకుని నడిరోడ్డు మీద ఏడ్చారు. చూస్తున్న సింధుకి ఏడుపు మీద ఏడుపొచ్చింది. ఈ దృశ్యం కోసమే కదా అమ్మమ్మ ఇన్నేళ్ళూ రోడ్డు దాటింది, చూడకుండానే పోయిందే అనుకుంది.

ఇద్దరూ నగరేశ్వరరావు కొట్టులోకే వచ్చి ఒకే బెంచీ మీద, ఒకే తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. వెనకే జగన్నాధం వచ్చాడు. శ్రీముఖలింగం వెళ్ళడానికి జీపు మాట్లాడాలన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. ఎవరి ఇంటికి తీసుకురావాలన్న మాట రాగానే బెంచీ కాస్త కదిలింది. కన్నకొడుకు గడప ఉండగా అల్లుడి గడప ఏమిటని రాంబాబు. పెద్ద వరండా మాది, నలుగురూ కూర్చోడానికి చోటుంటుందని నగరేశ్వరరావు. వరండా పెద్దదైనంత మాత్రాన సరిపోదు బావా, అన్నాడు రాంబాబు. ఇంకో రెండు మాటలైతే నిచ్చెన బయటికొచ్చేదే.

సర్ది చెప్పడానికి జగన్నాధం చోటు చూసుకుని కూర్చున్నాడు. బెంచీ నిండిపోవడంతో కాటా మీద కూర్చున్నాడు. కుదురులేని మనిషి కదా, ఇటు తిరిగి ఒక మాట, అటు తిరిగి ఒక మాట. కదిలినప్పుడల్లా తెర మీద తూకం మారుతోంది. మారినప్పుడల్లా యంత్రం ఒక కొత్త తూకాన్ని పుట్టించి, పాతదాన్ని పక్కన పడేస్తోంది. సింధు కన్నీళ్ళ మధ్యనుంచి అటే చూస్తోంది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి.

అందరూ చూస్తుండగానే సగం షట్టర్ మిగతా సగం దిగిపోయింది.

కొట్టు చీకటైంది. చీకట్లో సింధుకి మాత్రం వెలుగొచ్చింది. ఆ యంత్రానికి ఒక అలవాటుంది. ఎవరి చేతిలోనూ లేని వస్తువులు పోగైతే తనకి తోచినప్పుడు ఊడ్చి పారేస్తుంది. తూకాలు పోగైనకొద్దీ ఊడుస్తుంది. బేరాలు ఎంత బాగా సాగితే అంత త్వరగా ఊడుస్తుందన్నమాట. షట్టర్‌ని లేపాక సింధు దాన్ని పేజీ చేతిలో ఉంచలేదు, లేపి వదిలేసింది. ఇంటి దగ్గర పరీక్షించినప్పుడు బేరాలు లేవు, చెత్త లేదు, చీపురు లేవలేదు. ఇక్కడ చీపురు లేచింది, తూకాలతోపాటు షట్టర్‌నీ ఊడ్చింది. ఇంటి పద్ధతి నేర్చుకున్న ఆ షట్టర్ పోతూ పోతూ దిగి మరీ పోయింది. పొద్దున్న జరిగిందీ ఇదే. పొద్దున్న అది పడింది కాబట్టి మామయ్య సగం దించాడు. మామయ్య దించాడు కాబట్టి నాన్న దించాడు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. గది మిగులుతుంది. కానీ పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు బతికున్న మనిషికోసం ఏడుస్తున్నారు.

"నాన్నా, ఎవరూ పోలేదు," అంది సింధు. "పొద్దున్న మన షట్టర్ దానంతటదే పడింది. తప్పు నాది. మీకు చెప్పకుండా లేపేసేను. అది చూసే మావయ్య సగం దించేడు."

చీకట్లో జగన్నాధం కింద కాటా కిర్రుమంది.

"మరి అమ్మ?" అన్నాడు రాంబాబు.

"బస్సులో ఉండుంటుంది మావయ్యా. ఫోను ఆపుకుని."

అప్పుడు బయటనుంచి ఎవరో షట్టర్ మీద దబదబా బాదారు.

"ఒరే, పట్టపగలు కొట్టు మూసీసేరేటి? బజారంతా సగాలు దింపుకుని కూకున్నారు. అడిగితే ఒక్కడూ పలకడు, నన్ను సూసి పారిపోతన్నారు. ఎవరు పోనారో సెప్పండ్రా," అంది గురమ్మ గొంతు.

సింధు కొత్త షట్టర్ వస్తువుని పుట్టించింది. ఈసారి దాన్ని పేజీ చేతిలో గట్టిగా పెట్టి మరీ లేపింది. షట్టర్ కింద మొదట గురమ్మ పాదాలు కనిపించాయి, తరవాత ప్రసాదం సంచి, తరవాత కోపంతో ఉన్న మొహం. ఆ మొహం కొడుకునీ అల్లుణ్ణీ ఒకే బెంచీ మీద, ఒకే తువ్వాలుకి చెరో కొసా పట్టుకుని ఉండగా చూసింది. అడగవలసిన ప్రశ్న మరిచిపోయింది. రాంబాబు తువ్వాలు వదిలేసి తల్లి కాళ్ళ మీద పడ్డాడు. గురమ్మ ముందు నలుగురికీ ప్రసాదం పంచింది.

తరవాత సింధు మొత్తం చెప్పింది, యంత్రం సంగతి, చీపురు సంగతి, తను దాచిన సంగతి. తను పోయినట్టు బజారంతా నమ్మిందని విని గురమ్మ, ఎవరెవరు ఏడ్చారో పేర్లు అడిగింది. జగన్నాధం ఏడవలేదని తెలిసి అతనికిచ్చిన ప్రసాదంలో సగం వెనక్కి తీసుకుంది. చెప్పడం అయ్యాక సింధు తండ్రివైపు చూడకుండా, రైలు టిక్కెట్టు తనే తీసుకుంటానంది.

"గొడవ జరిగింది కదా," అన్నాడు నగరేశ్వరరావు. ఆయన గొంతులో వర్తకుడు సగమే ఉన్నాడు.

"ఏటి గొడవ?" అంది గురమ్మ. "ఇన్నేళ్ళు నేను రోడ్డు దాటి దాటి కాళ్ళరగ్గొట్టుకుంటే తీరని గొడవ అది పూటలో తీర్చింది. దాన్ని గొడవంటావేటి?" మనవరాలి వైపు తిరిగి, "అది మళ్ళీ అలా పడతాదా అమ్మడూ?" అని అడిగింది.

ఇక పడదనీ, ఎక్కడ తప్పో తెలిసిపోయింది కాబట్టి ఈ రాత్రే సరిచేసేస్తాననీ సింధు చెప్పింది.

"సరిసెయ్యకు," అంది గురమ్మ. "మీ మావ కొట్టుకీ అలాటిదే ఒకటి పెట్టు. ఈళ్ళ బుద్ధులు నాకు తెలవ్వా? రేపో మాపో మళ్ళీ మూతులు ముడుచుకుంటారు. అప్పుడు పనికొస్తాది."

నగరేశ్వరరావు మొలతాడుకున్న తాళంచెవుల గుత్తి తీసి, అందులోంచి ఒక చెవి విప్పడానికి అవసరమైనదానికంటే ఎక్కువ సేపు అవస్థపడ్డాడు. దాన్ని కూతురి చేతిలో పెట్టి, చింతపండు బస్తాలు పైనుంచి దింపడం అంత తేలిక కాదని గొణిగాడు. మెట్లు ఇరుకు కాబట్టి కిటికీలోంచి దింపాలని రాంబాబు అన్నాడు. ఎలా దింపుతావని బావ అడిగాడు.

"నిచ్చెన తెస్తాను," అన్నాడు రాంబాబు. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "ఆ మెట్టు ముందే ఇరిగుండొచ్చు బావా," అన్నాడు.

"లేదురా. నేనే ఇరిసేను," అన్నాడు నగరేశ్వరరావు.

బజారులో షట్టర్లు ఒక్కొక్కటే పైకి లేచాయి. దీపాలు పెట్టే వేళకి సింధు చింతపండు వాసన కొడుతున్న గదిలో, కొండలు కనిపించే కిటికీ పక్కన, కింద పరిచిన గోనెసంచి మీద కూర్చుని తన సంస్థకి వచ్చిన మొట్టమొదటి ఆర్డరు రాసుకుంది: షట్టర్ ఒకటి, పొరపాటుతో సహా.